అడవికి తీసుకెళ్తే పిల్లలు బోర్ అన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను ఒక పెద్ద నగరంలోని స్కూల్లో నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ఎవరూ ముందుకు రాకపోవడంతో ఈ ఏడాది నేచర్ క్లబ్ బాధ్యత నా మీద పడింది. ఎంతో కష్టపడి పిల్లలందరినీ బస్సులో అడవికి తీసుకెళ్లాను. సగం మంది అరుపులు, పరుగులు. కొందరైతే పురుగులుంటాయని బస్సే దిగలేదు. గైడ్ చెప్పింది ఒక్కరి చెవికీ ఎక్కలేదు. తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే ‘బస్సులో పాటలు పాడుకున్నాం’ అన్నారు. దీనివల్ల పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపించమని ప్రిన్సిపల్ అడుగుతున్నారు. తల్లిదండ్రులకేమో మట్టి, పురుగులు, జబ్బులు అంటే టెన్షన్. మా స్కూల్లో సిమెంటు ఆవరణ, గేటు పక్కన ఒక చెట్టు తప్ప ఇంకేమీ లేదు. ఆ చెట్టు పేరు కూడా నాకు తెలియదు. వచ్చే ఏడాది ఇంతకంటే మంచి క్యాంపు, రెండు మూడు రోజులది, బుక్ చేయమంటారా? లేక ఇది నా వల్ల అయ్యే పని కాదని ఒప్పేసుకోమంటారా? – ఒక టీచర్

సమాధానం:

టీచర్ గారూ, క్యాంపు ఇప్పుడే బుక్ చేయకండి. మీ గేటు పక్కన చెట్టు ఉంది చూడండి, అక్కడ మొదలుపెట్టండి. వారానికి ఒక పీరియడ్, ఏడాదంతా, అదే చెట్టు దగ్గర. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకలా అంటున్నానో, ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆ అడవి ట్రిప్ సంగతి. మీ పిల్లలు అల్లరివాళ్లనో, ప్రకృతంటే ఇష్టం లేనివాళ్లనో అనుకుంటున్నారేమో. అలా అనుకోనక్కర్లేదు. 1978లో అమెరికాలో జాన్ ఫాక్ అనే పరిశోధకుడు, ఆయనతో మరో ఇద్దరు కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పిల్లల్ని చెట్లున్న చోటికి తీసుకెళ్లి పాఠం చెప్పారు. అలాంటి చోట్లు ముందే అలవాటున్న పిల్లలు పాఠం మీద మనసు పెట్టి నేర్చుకున్నారు. అలవాటు లేని పిల్లలకు పాఠం అంతగా ఎక్కలేదు. వాళ్ల బుద్ధి మందగించి కాదు. వాళ్ల దృష్టంతా ఆ చోటు మీదే ఉంది. ఆ చప్పుడేంటి, ఇక్కడ కూర్చోవచ్చా, అటు వెళ్తే ఏముంటుంది, నా స్నేహితుడు ఎక్కడున్నాడు... కొత్త చోట మనిషి ముందు తేల్చుకునేవి ఇవే. మీ గైడ్ ఎంత బాగా చెప్పినా ఆ రోజు ఫలితం అలాగే ఉండేది. రెండు రోజుల క్యాంపుకి వెళ్తే మొదటి రోజంతా ఇందులోనే పోతుంది. రెండో రోజు ఇంటికి ఎప్పుడు వెళ్తామన్న ప్రశ్నతో పోతుంది.

అందుకే దగ్గరి చోటు, మళ్లీ మళ్లీ. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌లో ప్యాట్రిక్ గెడెస్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1892లో ఎడిన్‌బరో నగరం మధ్యలో ఒక భవనం తీసుకుని అవుట్‌లుక్ టవర్ అని పేరు పెట్టాడు. వచ్చినవాళ్లని ముందు పైకి ఎక్కించేవాడు. అక్కడ చుట్టూ ఉన్న తమ ఊరినే చూపించేవాడు. తర్వాత ఒక్కో అంతస్తూ దిగుతుంటే ఎడిన్‌బరో, స్కాట్లండ్, యూరప్, చివరికి కింద ప్రపంచం. మనం స్కూళ్లలో దీన్ని సరిగ్గా తిరగేశాం. పెంగ్విన్లతో, ధ్రువపు ఎలుగులతో మొదలుపెడతాం. గేటు దగ్గరి చెట్టు దాకా ఎప్పుడూ రాం.

ఇక పేరు తెలియకపోవడం గురించి. అది మీకు లోటు కాదు, ఒక రకంగా కలిసొచ్చే విషయమే. పేరు తెలిసిన పెద్దవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, పిల్లలు ‘ఇదేంటి?’ అనగానే పేరు చెప్పేస్తారు. పేరు దొరికిందంటే పిల్లల వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. మీరు నిజాయితీగా ‘నాకూ తెలీదు, చూద్దాం’ అనగలరు. అప్పుడు ఆకు అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా? ఆకులు కొమ్మకి ఎదురెదురుగా వచ్చాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా? నలిపితే వాసనుందా? బెరడు గీకినట్టుందా, పగిలినట్టుందా? ఇవన్నీ చూడక తప్పదు. పిల్లల్నే ఒక ముద్దుపేరు పెట్టుకోమనండి. అసలు పేరు నెలా రెండు నెలల తర్వాత తెలుసుకున్నా నష్టం లేదు. ఫోన్‌లో ఆకు ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి, వాడండి. కానీ ప్రతి ఒక్కరూ ఆకు బొమ్మ గీసిన తర్వాతే ఫోన్ బయటికి తీయాలి. పైగా ఆ యాప్‌లు తప్పు చెబుతాయి కూడా, అప్పుడు పిల్లలు గీసుకున్న బొమ్మతో పోల్చి వాదించొచ్చు.

పిల్లలకు పేర్లు గుర్తుండవని మాత్రం అనుకోకండి. 2002లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు బ్రిటన్ స్కూలు పిల్లలకు బొమ్మల కార్డులు చూపించి పేర్లు అడిగారు. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్ (కార్టూన్లలో, కార్డు ఆటల్లో వచ్చే ఊహా జీవులు) బొమ్మల్లో దాదాపు 80 శాతం గుర్తుపట్టారు. తమ చుట్టూ ఉండే మామూలు జీవులు, మొక్కల విషయంలో అది సగం దగ్గరే ఆగింది. రోజూ కనబడి, రోజూ మాటల్లోకి వచ్చేదాన్ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. మీ చెట్టు కూడా వారం వారం వాళ్ల మాటల్లోకి వస్తే చాలు.

మొదటి నాలుగు వారాలు ఏ పాఠమూ వద్దు. ఇది మీకు కష్టంగా ఉంటుంది, టీచర్ నోరు ఊరికే ఉండదు కదా! ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెట్టు చుట్టూ, గోడ వెంబడి ఒక సొంత చోటు ఇవ్వండి. ఏడాదంతా అదే వాళ్ల చోటు. అక్కడ మాట్లాడకుండా కూర్చోవాలి. మొదటిసారి రెండు నిమిషాలు చాలు, మెల్లగా పది నిమిషాల దాకా పెంచండి. ముందు నవ్వుతారు, ఒకరి మీద ఒకరు రాళ్లు విసురుకుంటారు, ‘టీచర్, ఇక్కడేం లేదు’ అంటారు. అననివ్వండి. కూర్చుని లేచాక ఒకే ఒక్క ప్రశ్న: పోయినసారి లేనిది ఈసారి ఏం కనిపించింది? నోటుబుక్కులో ఒక వాక్యం, ఒక బొమ్మ. తప్పులు దిద్దకండి, మార్కులు వేయకండి. రెండో నెలకి గోడ పగుల్లో మొలిచిన మొక్క ఎవరిదన్న దాని మీద తగాదాలు మొదలైతే పని సరైన దారిలో ఉన్నట్టే.

ఆ తర్వాత మీరు లెక్కల టీచర్ కావడం అసలైన బలం. సైన్స్ టీచర్లు ఇలా అంటే కోప్పడతారేమోగానీ, బయట పాఠానికి లెక్కల టీచరే ఎక్కువ పనికొస్తారని నా అభిప్రాయం. ఎందుకంటే కొలవాలంటే దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్తే చూడక తప్పదు.

చెట్టు ఎత్తుతో మొదలుపెట్టండి. మీటరు కర్రని నేల మీద నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి. అదే సమయంలో చెట్టు నీడ కొలవండి. కర్ర నీడ కర్రకి ఎన్ని రెట్లుందో, చెట్టు నీడ చెట్టుకి అన్ని రెట్లే ఉంటుంది. పొద్దునా మధ్యాహ్నం రెండుసార్లు కొలిపించండి. నీడ మారినా జవాబు ఒకటే ఎందుకొచ్చిందో వాళ్లే తేల్చుకోవాలి. ఛాతీ ఎత్తున కాండం చుట్టూ దారం చుట్టి, ఆ చుట్టుకొలతని 3.14తో భాగిస్తే లావు తెలుస్తుంది. ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవండి. చెట్టుకి ఎన్ని ఆకులుంటాయి? ఒక రెమ్మ మీద లెక్కపెట్టి, కొమ్మకి ఎన్ని రెమ్మలో, చెట్టుకి ఎన్ని కొమ్మలో అంచనా వేసి హెచ్చించమనండి. నాలుగు జట్లకి నాలుగు జవాబులు వస్తాయి. ఎవరిది నమ్మాలి అన్న చర్చ ఆ పీరియడ్‌లో తేలదు, తేలకపోయినా ఫర్వాలేదు.

సిమెంటు ఆవరణని తక్కువ చేసి చూడకండి. చాక్‌పీసుతో రాయడానికి అంత మంచి నేల అడవిలో దొరకదు. వాన వెలిశాక నీళ్లు నిలిచిన చోట అంచు వెంబడి గీత గీయించండి. ప్రతి అరగంటకీ ఇంకో గీత. ఎండలో ఉన్న గుంట ముందు ఆరిందా, చెట్టు నీడలోదా? నీళ్లు ఎక్కడికి పోయాయి? గేటు స్తంభం నీడ కొనని గంట గంటకీ గుర్తుపెట్టించండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది సరిగ్గా 12 గంటలకే అని అందరూ అనుకుంటారు. చాలా చోట్ల అలా ఉండదు. గడియారం ఒక పెద్ద ప్రాంతానికంతటికీ కలిపి పెట్టుకున్న టైమ్ చూపిస్తుంది, సూర్యుడు మాత్రం ఒక్కో చోట ఒక్కో వేళకి నడినెత్తికి వస్తాడు. సంవత్సరంలో ఆ వేళ కూడా కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంటుంది. నాలుగో తరగతికి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. ‘12 కాదు టీచర్’ అని వాళ్లు పట్టుకుంటే చాలు.

చీమల బారు కనిపించిందంటే ఆ రోజుకి వేరే ప్లాన్ పక్కన పెట్టేయండి. బారుకి అడ్డంగా నేల మీద తడి వేలితో గట్టిగా రుద్దండి. చీమలు అక్కడికి రాగానే ఆగిపోతాయి, అటూ ఇటూ తిరుగుతాయి, కాసేపటికి దారి మళ్లీ కలుపుకుంటాయి. అవి నడుస్తూ నేల మీద వాసన గుర్తులు వదులుతాయి, వెనకొచ్చేవి ఆ వాసన పట్టుకునే నడుస్తాయి. మనం చెరిపింది ఆ వాసననే. తిరిగి దారి కలవడానికి ఎంతసేపు పట్టిందో ఒకరు టైమ్ చూడాలి, ఇంకొకరు రాసుకోవాలి.

చెట్టు బెరడు మీదో, పాత గోడ మీదో బూడిద రంగు, లేత ఆకుపచ్చ, పసుపు మచ్చలు పొరలు పొరలుగా కనిపిస్తే వాటిని లైకెన్లు అంటారు. శిలీంధ్రం (బూజు జాతి), శైవలం (నాచు జాతి) కలిసి కాపురం చేసే జీవులు అవి. వేర్లుండవు. కావలసిన నీళ్లలో, పోషకాల్లో చాలా భాగం గాలి నుంచి, వాన నుంచే తీసుకుంటాయి కాబట్టి చెడ్డ గాలి వాటికి వెంటనే తగులుతుంది. 1866లోనే నైలాండర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను గమనించి, నగరంలో గాలి ఎలా ఉందో వాటిని చూసి చెప్పొచ్చని రాశాడు. మీ చెట్టుకి రోడ్డు వైపు ఎన్ని మచ్చలున్నాయి, లోపలి వైపు ఎన్ని? తేడా ఉంటే వెంటనే కాలుష్యం అనేయకండి. ఎండ, తడి కూడా కారణం కావొచ్చు. ఇంకెలా తెలుసుకోవచ్చో అడగండి. నగరంలో తప్ప ఇంకెక్కడా ఇంత బాగా కుదరని పాఠం ఇది.

పురుగులు లేవంటారా, రప్పించొచ్చు. చెట్టు మొదట్లో మట్టి ఉన్న చోట ఒక పాత చెక్క పలక పడేసి ఉంచండి. కింద తడి నిలిచి కొన్ని వారాల్లో రోకలిబండలో, నత్తలో, వానపాములో చేరతాయి. పలకని ఎప్పుడూ తమకి అవతలి వైపు అంచు పట్టుకుని ఎత్తాలి, అప్పుడు కింద ఏమున్నా తమ వైపు దూకకుండా పలక అడ్డుంటుంది. చూశాక మెల్లగా తిరిగి యథాస్థానంలో పెట్టాలి. ఈ ‘తిరిగి పెట్టడం’ విషయంలో మాత్రం కఠినంగా ఉండండి.

బస్సు దిగని పిల్లల సంగతి. పురుగంటే భయమో అసహ్యమో ఉన్న పిల్లని చేతిలో పట్టుకోమని ఎప్పుడూ బలవంతం చేయొద్దు. వాళ్లకి టైమ్ రాసే పని, బొమ్మ గీసే పని, దూరం కొలిచే పని ఇవ్వండి. జట్టులో ఉంటారు, దూరంగానూ ఉంటారు. కొన్నాళ్లకి వాళ్లే ఒక అడుగు ముందుకేస్తారు, వేయకపోయినా పోయిందేమీ లేదు. పిల్లలు ముందు చూసేది పురుగుని కాదు, మీ ముఖాన్ని. మీకూ భయమైతే ‘నాకు కొంచెం భయమే, ఇక్కడి నుంచే చూస్తాను’ అని మామూలు గొంతుతో చెప్పండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. నేచర్ క్లబ్ అనగానే అడవులు కాలిపోతున్నాయి, జంతువులు అంతరించిపోతున్నాయి, భూమి నాశనమవుతోంది అని పోస్టర్లు వేయిస్తారు. ఈ వయసు పిల్లలకి అది వద్దు. అమెరికాలో డేవిడ్ సోబెల్ అనే విద్యావేత్త 1990ల నుంచి ఇదే చెబుతున్నారు. ప్రకృతితో పరిచయం కుదరక ముందే దాని విషాదాలన్నీ పిల్లల నెత్తిన పెడితే, వాళ్లు భయపడి దూరం జరుగుతారని ఆయన వాదన. నాలుగో తరగతి లోపు విపత్తుల జోలికి పోవద్దంటారు. మీ పిల్లలు సరిగ్గా ఆ గీత మీదున్నారు. అడిగితే నిజం చెప్పండి, దాచక్కర్లేదు. మీరుగా మొదలుపెట్టకండి, అంతే.

ప్రిన్సిపల్‌కి ఏం చూపించాలి? ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు, స్కూల్ నడపాలి కదా. నోటుబుక్కులు చూపించండి. నీడల గ్రాఫులు, ఆకుల అంచనాలు, చీమల టైమ్‌లు, అవన్నీ లెక్కల సిలబస్‌లోవే. ‘పీరియడ్ వృథా’ అంటే ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పండి. తొమ్మిది, పదేళ్ల పిల్లలకి ఒక పాఠం బయట పచ్చిక మీద, అలాంటిదే ఇంకో పాఠం తరగతి గదిలో చెప్పి, ఆ వెంటనే జరిగిన తర్వాతి పీరియడ్‌ని గమనించారు. బయటి నుంచి వచ్చాక ‘కూర్చో, ఇటు చూడు’ అని టీచర్ పాఠం ఆపాల్సిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. అది చిన్న అధ్యయనమే, ఒక్క స్కూల్లో చేసింది. కానీ బయటికి తీసుకెళ్తే పిల్లలు లోపలికొచ్చాక మాట వినరన్న భయానికి మంచి జవాబు. మీ క్లాసులో మీరే లెక్కపెట్టి చూడొచ్చు, ఎలాగూ లెక్కల టీచరే.

తల్లిదండ్రులకు రాసే ఉత్తరంలో కళ్ల విషయం ముందు పెట్టండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు పరిశోధన చేసి 2015లో ఫలితాలు ఇచ్చారు. సగం స్కూళ్లలో రోజూ అదనంగా 40 నిమిషాల బయటి పీరియడ్ పెట్టారు. ఆ పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనబడటం) వచ్చినవాళ్లు 30.4 శాతం, మిగతా స్కూళ్లలో 39.5 శాతం. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) ఉంటే, బయట నీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురే కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. వారానికి ఒక పీరియడ్‌తో ఈ లాభం రాదు, అది రోజూ ఉండాల్సిన విషయం. కాబట్టి ఉత్తరంలో ‘సాయంత్రాలు మీరూ కాసేపు బయటికి తీసుకెళ్లండి’ అన్న మాట చేర్చండి.

మట్టి గురించి అడిగితే ఫిన్లండ్ సంగతి చెప్పండి. అక్కడ కొన్ని డేకేర్ల ఆవరణల్లో అడవి నేల, పచ్చిక తెచ్చి పరిచారు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 28 రోజులు అందులో ఆడుకున్నాక, వాళ్ల చర్మం మీది మేలు చేసే సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది. రక్తపరీక్షల్లో రోగనిరోధక వ్యవస్థ సమతూకానికి సంబంధించిన సూచనలూ మెరుగ్గా కనిపించాయి. 2020లో వచ్చిన ఫలితాలివి. అంటే మట్టిలో ఆడితే జబ్బులు రావని కాదు. చేతులు కడుక్కుంటే సరిపోయే మట్టికి అంత భయపడనక్కర్లేదని.

వాళ్ల టెన్షన్ తగ్గించేది పరిశోధనలకంటే మీ జాగ్రత్తలే. ముందురోజు మీరొక్కరే వెళ్లి చోటంతా చూడండి. గాజు ముక్కలు, తేనెటీగల గూడు, విరిగి వేలాడే కొమ్మలు. ఏ పిల్లకి దేని అలర్జీ ఉందో, తేనెటీగ కుడితే ప్రమాదమా అన్నది రాసి దగ్గర పెట్టుకోండి. ఏ ఆకూ, కాయా, పుట్టగొడుగూ నోట్లో పెట్టకూడదు. కన్నాల్లో వేలు పెట్టకూడదు. వాన పడితే ఫర్వాలేదు, ఉరుము వినిపిస్తే వెంటనే లోపలికి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. మీకు తోడుగా ఇంకొక పెద్దవాళ్లు ఉండాలి. ఆ తోడుకి తల్లిదండ్రుల్లో అందరికంటే ఎక్కువ భయపడేవాళ్లనే పిలవండి.

సగం ఏడాది గడిచాక ప్రిన్సిపల్ కాస్త మెత్తబడితే ఒక చిన్న కోరిక కోరండి. గోడ పక్కన ఒక మూల నాలుగు పలకల మేర సిమెంటు తీయించి మట్టి పోయమనండి. అమెరికాలోని బర్క్లీలో వాషింగ్టన్ అనే ప్రాథమిక పాఠశాల 1970ల్లో తన తారు ఆవరణలో కొంత భాగం తవ్వేసి చెరువులు, మొక్కలు పెంచింది. ప్యారిస్ నగరం కూడా స్కూలు ఆవరణల్లో తారు తీసి చెట్లు పెట్టించే పనిలో ఉంది, అక్కడ వేసవి వేడి కూడా ఒక కారణం. మీకు అంత అక్కర్లేదు. ఆ మూలలో ఏమీ నాటకుండా వదిలేసి, తనంతట తానే ఏం మొలుస్తుందో చూడమనడం నాకు ఇష్టం. అయితే ‘పిచ్చిమొక్కలు పెరిగాయి’ అని ఎవరో ఒకరు పీకించేస్తారు కాబట్టి ముందే ఒక బోర్డు పెట్టించండి.

క్యాంపు గురించి అడిగారు కదా. ఏడాది చివర్లో, పిల్లలు మీ ప్రమేయం లేకుండా తమ చోట్లలో పది నిమిషాలు కూర్చోగలుగుతున్నారంటే, దగ్గర్లో ఉన్న పార్కుకో చెరువుకో రెండుసార్లు తీసుకెళ్లండి. అక్కడా అవే పనులు: కూర్చోవడం, కొలవడం, గీయడం. అది సాఫీగా జరిగితే అడవికి వెళ్లండి. ఒక్క రోజు చాలు. వెళ్లే ముందు ఆ చోటు ఫొటోలు, మ్యాప్ చూపించి, బస్సు ఎక్కడ ఆగుతుందో, బాత్రూమ్ ఎక్కడుందో, ఎక్కడ తింటారో చెప్పండి. అక్కడికి చేరగానే మొదటి గంట ఏ పనీ పెట్టకుండా హద్దు చూపించి తిరగనివ్వండి. గైడ్‌తో ముందే మాట్లాడి, ఉపన్యాసం వద్దని, పిల్లలు అడిగినప్పుడు మాత్రమే చెప్పమని ఖచ్చితంగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే వేరే గైడ్‌ని చూసుకోండి.